మైలవరంలో తెరచాప ఎత్తిన రోజు

రాయలసీమకు సముద్రం లేకపోవడం గత ప్రభుత్వాల నిర్లక్ష్యమేనని జలవిహార శాఖ మంత్రిగారు ప్రొద్దుటూరు సభలో ప్రకటించినప్పుడు, చప్పట్లు కొట్టడానికి జనానికి కొంచెం సమయం పట్టింది. ఆ మాట అంత సూటిగా అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆ కాస్త సమయాన్నీ వృథా కానివ్వకుండా మంత్రిగారు రెండో ప్రకటన కూడా చేసేశారు. సముద్రం వచ్చేలోపల, సముద్రం మీద తిరిగే పడవ ముందు వస్తుంది. మైలవరం జలాశయంలో తెరచాప పడవ.

“డీజిల్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఉత్త గాలి మీద నడుస్తాది,” అన్నారాయన. “మన ప్రభుత్వం మాదిరి.”

ఈసారి చప్పట్లు వెంటనే వచ్చాయి.

వేదిక వెనక, మంచినీళ్ల బాటిళ్ల పక్కన నిలబడి, శేషాద్రి తల ఊపాడు. జమ్మలమడుగు పర్యాటక కార్యాలయంలో అతను సహాయకుడు. గండికోటలో టికెట్లు, మంచినీళ్లు, కోతులు అతని బాధ్యత. పడవతో అతనికి ఏ సంబంధమూ లేదు. అయినా తల ఊగింది. శేషాద్రికి మాట వినపడటానికీ అర్థం కావడానికీ మధ్య ఒక చిన్న సందు ఉంది. మనుషులందరికీ ఉంటుంది. మిగతావాళ్లు ఆ సందులో ఆలోచిస్తారు. శేషాద్రి తల ఊపుతాడు. అది అతను చేసే పని కాదు, అతని మెడ చేసే పని. ఎన్నోసార్లు అతను లోపల కూర్చుని, తన తల ఊగడాన్ని పొరుగింటివాడి తల ఊగినట్టు చూశాడు.

నాయకుడికి ఉండవలసిన మొదటి లక్షణం మనుషుల్ని గుర్తుపట్టడం. మంత్రిగారు వేదిక దిగుతూ ఆ తలను గుర్తుపట్టారు. సర్వీసు రికార్డు తెప్పించి చూస్తే, శేషాద్రి తిరుపతిలో చదివేటప్పుడు నేవీ ఎన్‌సీసీలో ఉన్నాడని తేలింది. ఉన్నమాట నిజమే. కాలేజీ మైదానంలో సుద్దతో గీసిన పడవలో కూర్చుని, చీపురుకట్టలతో తెడ్లు వేయడం అతను నేర్చుకున్నాడు. జిల్లాలో అంతకు మించిన నావికుడు ఆ శాఖకు దొరకలేదు. అలా శేషాద్రి నౌకాయాన ప్రత్యేకాధికారి అయ్యాడు.

“ఏమప్పా శేషాద్రీ, నీ భార్య పులివెందుల్లో టీచరంట కదా,” అన్నారు మంత్రిగారు ఆ పదవి ఇస్తూ. “ట్రాన్స్‌ఫర్ కోసం తిరుగుతాండావంట. బోటు కదిలిన పొద్దే నీ ఆర్డరు మీద సంతకం పెడ్తా. కదల్లేదనుకో, నువ్వు ఆ కోతుల్తోనే.”

తల ఊగింది. ఈసారి మాత్రం మెడతో పాటు శేషాద్రి కూడా ఊపాడు.

పెళ్లయినప్పటి నుంచీ అతనికీ శ్రీవాణికీ కాపురమంటే ముద్దనూరు మీదుగా పోయే బస్సే. ఆమె బడి పులివెందుల్లో, అతని ఆఫీసు జమ్మలమడుగులో. మిగతా సంసారం ఫోన్లో. ఫోన్లోనూ తల ఊపుతాడని ఆమె ఫిర్యాదు. “మీరు ఊపేది నాకు యాడ కనపడ్తాది? నోరు తెరిచి చెప్పండి,” అంటుంది. పెళ్లిచూపుల నాడు కూడా అతను నోరు తెరవలేదు. ఆ ఊపునే అందరూ సమ్మతి అనుకున్నారు. అదృష్టం కొద్దీ అది సమ్మతే. సంగతి చెప్పగానే శ్రీవాణి ఆ ఆదివారమే వెళ్లి రెండు గదుల ఇల్లు చూసింది. ఒక గది పడమటి వైపు. గాలి బాగా వస్తుందని చెప్పింది.

పడవ లారీ మీద కోస్తా నుంచి వచ్చింది. తెల్లగా, సన్నగా, నిద్రపోతున్న కొంగలా ఉంది. స్తంభం విడిగా, చుక్కాని విడిగా, తాళ్లు విడిగా, తెరచాప చుట్టచుట్టి విడిగా. అన్నింటినీ జలాశయం ఒడ్డున పరిచి, శేషాద్రి ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని సిస్టమ్స్ చెక్ మొదలుపెట్టాడు. నీళ్లలోకి దించే ముందు ప్రతి భాగాన్నీ నేల మీదే పరీక్షించాలని పుస్తకంలో ఉంది. నేల మీద పడవ పనులు చేయడంలో అతనికి అనుభవం ఉండనే ఉంది.

పార్టీ తరఫున పర్యవేక్షణకు నాగేంద్ర వచ్చాడు. మంత్రిగారి పేరు మీద మైలవరం మండలంలో ఏది ప్రారంభమైనా కొబ్బరికాయ కొట్టించేది నాగేంద్రే. ట్రాక్టర్లు, బోర్లు, జేసీబీలు, ఒకసారి ఏటీఎం కూడా అతని చేతుల మీదుగా పూజ చేయించుకుని పనిలోకి దిగాయి. అతను పడవ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, శేషాద్రిని పక్కకు పిలిచాడు.

“సార్, దీనికి బ్రేకు యాడుంది?”

బ్రేకు ఉండదని శేషాద్రి చెప్పాడు. హారన్ కూడా లేదా అని నాగేంద్ర అడిగాడు. అదీ లేదు. బ్రేకూ హారనూ లేని బండిలో అన్నను ఎక్కిస్తారా అని నాగేంద్ర ఎంత బాధపడ్డాడంటే, సాయంత్రానికల్లా స్తంభానికి లారీ హారన్ ఒకటి బిగించారు. దాని బ్యాటరీకి పడవలో ఒక మనిషి కూర్చునే చోటు పోయింది. హారన్ మోగింది. ఆవలి ఒడ్డున కొంగలు లేచాయి. మొదటి సిస్టమ్ పాస్.

తరవాతి పరీక్ష పడవలోకి నీళ్లు వస్తాయా రావా అన్నది. దీనికి పుస్తకంలో పెద్ద పద్ధతి ఉంది. నాగేంద్ర దగ్గర చిన్న పద్ధతి ఉంది.

“కుండ కొనేటప్పుడు ఏం చేస్తాం సార్? నీళ్లు పోసి చూస్తాం. కారకుంటే మంచి కుండ.”

శేషాద్రికి ఏదో చెప్పాలని ఉంది. ఈలోగా తల ఊగింది. ఊళ్లోకి పోతున్న మంచినీళ్ల ట్యాంకర్‌ను ఆపి పైపును పడవలోకి వదిలారు. పడవ అంచుల దాకా నిండింది. ఒక్క చుక్క బయటికి రాలేదు. బయటికి రానిది లోపలికి మాత్రం ఎట్లా వస్తుందని నాగేంద్ర అడిగాడు. ట్యాంకర్ కోసం బిందె పెట్టుకుని నిలబడిన వనజమ్మ వంతు కోసం ఒడ్డు దాకా నడిచి వచ్చింది.

“బోటు నీళ్లలో తేలాల అన్నారు గదప్పా,” అంది నిండిన పడవను చూస్తూ. “మరి నీళ్లను బోట్లో తేలిస్తాండారేంది?”

ఆమె చొరవ నాగేంద్రకు నచ్చింది. ప్రారంభోత్సవం రోజు మంత్రిగారికి దిష్టి తీసే బాధ్యత అక్కడికక్కడే ఆమెకు అప్పగించాడు. ఆమె బిందెను పడవలోనే ముంచుకుని వెళ్లిపోయింది. మిగతా ఆడవాళ్లూ అంతే చేశారు. అలా పడవ ఖాళీ అయింది, ఊరికి నీళ్లూ అందాయి. ప్రారంభం కాకముందే ప్రజలకు ఉపయోగపడిన ప్రాజెక్టు ఇదొక్కటేనని మర్నాడు పత్రికల్లో వచ్చింది.

ఇక తెరచాప. విప్పి స్తంభానికి ఎత్తగానే పడమటి గాలికి అది టప్పున నిండింది. నేల మీద, ట్రాలీ మీద ఉన్న పడవ ఉన్నట్టుండి ముందుకు జారబోయింది. పట్టుకోవడానికి నలుగురు కావలసి వచ్చింది. శేషాద్రి ఒంట్లో ఏదో లేచింది. సుద్ద పడవలో కూర్చున్నప్పుడు అతను మైదానం కదులుతున్నట్టు ఊహించుకునేవాడు. ఊహించుకోకుండా కదలడం ఇదే మొదటిసారి. రాత్రిదాకా ఆగలేక అప్పుడే శ్రీవాణికి ఫోన్ చేసి, “కదుల్తాది,” అన్నాడు. నోరు తెరిచి చెప్పాడు. ఆమె కూడా అది గమనించింది.

తెరచాప ఫోటో మంత్రిగారికి వెళ్లింది. అయిదు నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశారు.

“అంత పెద్ద గుడ్డ ఎత్తినారు, దాని మీద ఎవురూ లేరేందప్పా?”

మంత్రిగారి కళాదృష్టి అలాంటిది. తెల్లని గుడ్డ గాల్లోకి లేస్తే అది లొంగిపోవడమని, దాని మీద మనిషి ఉంటేనే అది జెండా అని ఆయన వివరించారు.

ప్రొద్దుటూరులో ఫ్లెక్సీలు వేసే మున్వర్‌కు పని అప్పగించారు. చుట్టుపక్కల మూడు నియోజకవర్గాల్లో ఎవరు పుట్టినా, గెలిచినా, పోయినా ఇంట్లోవాళ్ల తరవాత తెలిసేది మున్వర్‌కే. అసలు తెరచాప అతని మిషన్లో దూరలేదు. అందుకని దాని కొలతలు తీసుకుని అచ్చం అలాంటిదే ఫ్లెక్సీతో తయారుచేశాడు. ప్రారంభోత్సవం ముందురోజు తనే ఆటోలో వేసుకొచ్చి ఒడ్డున పరిచాడు. మంత్రిగారు చేతులు జోడించి నవ్వుతున్నారు. ముక్కు ఒక్కటే శేషాద్రి అంత ఎత్తుంది. అంచుకు రింగులు, కుట్లు, అన్నీ కొలత ప్రకారం ఉన్నాయి. శేషాద్రి ఒక కొస పట్టుకుని పైకెత్తాడు. ఫ్లెక్సీలోంచి ఆకాశం కనపడింది.

చూస్తే, దాని నిండా అరచేయంత అర్ధచంద్రాలు. బ్లేడుతో నున్నగా కోసినవి.

“ఇవేంది మున్వర్?”

“గాలికి సార్. ఇవి కొయ్యకుంటే గాలి పట్టుకుంటాది. గుంజలతో సహా పీక్కోని పోతాది. అన్న మొగం మీద ఒక్కటి పడకుండా చుట్టూ కోసినా, చూడండి.”

“గాలి పట్టుకోవాలనే కదా మున్వర్ ఇది…”

మున్వర్ అతని వంక జాలిగా చూశాడు. “ఇన్నేండ్లలో మున్వర్ ఫ్లెక్సీ గాలికి నిలబడలేదు అని ఒక్కరితో అనిపించుకోలేదు సార్. నా పేరు పోగొట్టొద్దు.”

అతను చెప్పింది నిజమే. ఆషాఢం గాలికి చెట్లు పడిన ఏడు కూడా మున్వర్ ఫ్లెక్సీలు పడలేదు. ఒక మనిషి జీవితకాలపు నేర్పును పట్టుకుని అది తప్పని చెప్పడానికి ఎలాంటి నోరు కావాలో శేషాద్రికి తెలియదు. అతను నాగేంద్ర దగ్గరికి వెళ్లి, ఆ రంధ్రాల మీద టేపు అంటిద్దామన్నాడు. నాగేంద్ర అతని భుజం మీద చేయి వేశాడు.

“అన్న ఒంటి నిండా ప్లాస్టర్లా సార్? చూసినోళ్లు ఏమనుకుంటారు? ప్రతిపక్షమోళ్లు కొట్టినారనుకుంటారు.”

పోనీ పాత తెల్ల తెరచాపే కడదామంటే, దాన్ని నాగేంద్ర అప్పటికే వాడేశాడు. మంత్రిగారి కోరిక మీద ఈసారి వేదికను కూడా నీళ్ల మీదే కట్టారు. ప్లాస్టిక్ డ్రమ్ములు, వాటి మీద పలకలు, పలకల మీద ఎర్ర తివాచీ, సోఫాలు. దానికి షామియానా కావాలి. ఇంత గట్టి గుడ్డ, ఇంత తెల్లటి గుడ్డ ఊరికే పడి ఉండటం నాగేంద్ర చూడలేకపోయాడు. వెనక రెండు గుంజలకు కిందిదాకా దించి, ముందు రెండు గుంజలకు ఎత్తుగా లాగి కట్టేశాడు. వేదిక ఒడ్డున ఒక వేపచెట్టుకు తాడుతో కట్టి ఉంది.

అప్పుడే మంత్రిగారు వీడియో కాల్‌లోకి వచ్చారు. శేషాద్రి చేతిలో ఫోన్ పెట్టారు. ఇదే సమయమని శేషాద్రికి తెలుసు. సార్, ఇది కదలదు. మూడు మాటలు. నాలుక మీద వరసగా నిలబడి ఉన్నాయి.

“మొగం బాగా వచ్చిందా?” అన్నారు మంత్రిగారు.

తల ఊగింది. వీడియో కాల్ కాబట్టి ఊపు చెల్లింది.

మంత్రిగారు వచ్చిన పొద్దున ఎండా గాలీ రెండూ పోటీగా ఉన్నాయి. మూడు ఊళ్ల జనం ఒడ్డున బారులు తీరారు. అధికారులు, నాయకులు, టీవీ కెమెరాలు అందరూ నీళ్ల మీది వేదికెక్కారు. పడవను ట్రాలీ మీద నుంచి ఒడ్డు పక్కనే నీళ్లలోకి దించారు. మోకాళ్ల లోతు. అది అడుగున బురదను ఆనుకుని బుద్ధిగా కూర్చుంది. తెరచాప ఎటు తిప్పాలన్నది చివరి ప్రశ్న. గాలిని బట్టి తిప్పాలని పుస్తకంలో ఉంది. కెమెరాలను బట్టి తిప్పాలని నాగేంద్ర మైకులో చెప్పాడు. కెమెరాలు వేదిక మీద ఉన్నాయి కాబట్టి మంత్రిగారి మొహం వేదిక వైపు తిరిగింది. ఒడ్డున ఉన్న ప్రజలకు ఫ్లెక్సీ నల్లటి వెనక భాగం, అందులో అర్ధచంద్రాకారపు కిటికీలు మిగిలాయి.

మంత్రిగారు ఎక్కారు. తుపాకీ తడిస్తే తనదే బాధ్యతని చెప్పి గన్‌మన్ ఒడ్డునే ఆగిపోయాడు. నిజానికి అతనికి ఈత రాదు. మంత్రిగారికీ రాదు. కానీ లైఫ్ జాకెట్ వేసుకుంటే పథకం మీద ప్రజలకు అపనమ్మకం కలుగుతుందని ఆయన దాన్ని శేషాద్రికి తొడిగించారు. చుక్కాని దగ్గర శేషాద్రి, ముందు మంత్రిగారు, ఇద్దరూ ఫ్లెక్సీకి వేదిక వైపే. ఆయన తెరచాపకు వీపు పెట్టి, వేదిక వైపు చేతులు జోడించి నిలబడ్డారు. పైన ఒకరు, కింద ఒకరు, ఇద్దరూ ఒకే నవ్వు.

నిమ్మకాయల దగ్గర చిన్న ఆలస్యం జరిగింది. ఏ కొత్త బండి అయినా నాలుగు నిమ్మకాయలు తొక్కి కదలాలి. పడవకు చక్రాలు లేవు. నాగేంద్ర బాగా ఆలోచించి నాలుగు కాయల్నీ పడవ ముందు నీళ్లలో వేయించాడు. పడవే వచ్చి తొక్కుతుందన్నాడు. నిమ్మకాయలు తేలాయి. గాలి వాటిని నెమ్మదిగా తోసుకుపోయింది. అవి వరసగా, క్రమశిక్షణగా జలాశయం మధ్యలోకి బయల్దేరాయి.

శేషాద్రి హారన్ కొట్టాడు. తెరచాప తాడు బిగించాడు. గాలి వచ్చింది. పడమటి నుంచి బలంగా వచ్చింది. ఫ్లెక్సీ మీదికి వచ్చి, మున్వర్ తన ముప్పై ఏళ్ల నేర్పుతో చూపించిన దారుల గుండా, మర్యాదగా, ఈల వేసుకుంటూ వెళ్లిపోయింది. పడవ కదల్లేదు. శేషాద్రి చుక్కాని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బురద తిరిగింది. పడమటి గది గుర్తొచ్చింది. అక్కడ కిటికీ తీస్తే గాలి బాగా వస్తుందట. అతను కళ్లు మూసుకున్నాడు. మైదానం కదులుతున్నట్టు ఊహించుకునే పాత అలవాటు దానంతటదే వచ్చింది, కానీ ఏదీ కదల్లేదు.

“కదిలింది,” అన్నారు మంత్రిగారు.

శేషాద్రి కళ్లు తెరిచాడు. వేదిక దూరమవుతోంది.

పాత తెరచాప నిండుగా గాలి పట్టింది. మున్వర్ చేతిలో పడనిది కాబట్టి దానికి ఒక్క రంధ్రం కూడా లేదు. వేపచెట్టు దగ్గర తాడు తెగి పాములా నీళ్లలోకి జారిపోయింది. ఎర్ర తివాచీ, సోఫాలు, పూలకుండీలు, జిల్లా యంత్రాంగం మొత్తం హుందాగా జలాశయం మధ్యకు సాగిపోతున్నాయి. మైకు వైరు చాలినంత దూరం నాగేంద్ర గొంతు వినపడింది, తరవాత వైరు చాలలేదు. వేదిక మీద అందరూ లేచి నిలబడి రెండు చేతులూ గాల్లో ఊపుతున్నారు. కొందరు సోఫాలెక్కి ఊపుతున్నారు.

“ఎంత ప్రేమప్పా నేనంటే,” అన్నారు మంత్రిగారు. ఆయన కూడా రెండు చేతులూ ఊపారు. “చూడు, ఎంత చిన్నగా అయిపాయిరో. శానా స్పీడు మీద ఉండాం మనం.”

రైలు స్టేషన్లో నిలబడి ఉండగా పక్క రైలు కదిలితే మన రైలే కదిలినట్టుంటుంది. ఎవరికైనా అంతే. తేడా ఏమిటంటే, మామూలు మనిషి కిటికీలోంచి రెండో వైపు చూసి సర్దుకుంటాడు. మంత్రిగారికి రెండో వైపు చూసే అవసరం ఎప్పుడూ రాలేదు. అటువైపు ఆయన ఫ్లెక్సీ ఉంది.

“కదిలిందా లేదా, చెప్పు శేషాద్రీ?”

అర్ధచంద్రాల్లోంచి శేషాద్రికి జనం కనపడుతున్నారు. ఒక్కో కిటికీలో రెండు కళ్లు. కదలకుండా చూస్తున్నాయి. అతను మంత్రిగారి వైపు తిరిగాడు. మెడ తన పని చేసింది.

మంత్రిగారు చాలాసేపు ప్రయాణం చేశారు. గాలి వీపు తడుతుంటే మనసు ఎంత తేలికవుతుందో చెప్పారు. చిన్నప్పుడు పెన్నలో మునగబోయి అప్పటి నుంచి నీళ్లంటే భయమని, ఈ పొద్దు ఆ భయం పోయిందని చెప్పారు. కళ్లు తుడుచుకున్నారు. ఆ క్షణంలో ఆయన నిజంగా సముద్రం మీద ఉన్నారని శేషాద్రికి అనిపించింది. దాన్ని చెడగొట్టే హక్కు ఎవరికుందో అతనికి తోచలేదు.

“ఇంక చాలు. ఒడ్డుకు పోదాం. జనం ఎదురు చూస్తాంటారు,” అన్నారు చివరికి.

శేషాద్రి హారన్ కొట్టాడు. మంత్రిగారిని తెరచాప వైపు తిప్పి కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు, తిరిగేటప్పుడు తల తిరుగుతుందని. చుక్కానిని బురదలో కాసేపు కదిపాడు. పడవను కాస్త అటూ ఇటూ ఊపాడు. ఆ తరవాత తాడు వదిలి ఫ్లెక్సీని కిందికి దించి, దిగడానికి ఒడ్డుకు పలక వేశాడు. మంత్రిగారు కళ్లు తెరిచేసరికి ఒడ్డు ఎదురుగా ఉంది. జనం చప్పట్లు కొట్టారు.

“పొయ్యేటప్పుడు అంతసేపు పట్టె,” అన్నారాయన ఆశ్చర్యంగా. “వచ్చేటప్పుడు తొందరగా వచ్చినామే.”

“గాలి అనుకూలించింది సార్.”

పలక చివర వనజమ్మ ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడి ఉంది. సాగనంపడానికి కలిపిన దిష్టినీళ్లు ఆమె ఇంకా పారబోయలేదు.

“యాడికి పోయొచ్చినావు నాయనా?” అంది.

మంత్రిగారు వెనక్కి చూడకుండా చేత్తో ఆవలి ఒడ్డు చూపించారు.

“అట్లనా,” అంది వనజమ్మ పళ్లెం తిప్పుతూ. “మేము ఈడనే ఉండాం.”

ఆర్డరు మీద సంతకం అక్కడే, శేషాద్రి వీపును బల్లగా చేసుకుని జరిగింది. మంత్రిగారి కాన్వాయ్ వెళ్లిపోయింది. ఆవలి ఒడ్డుకు చేరిన అధికారులు, అన్ని శాఖలవాళ్లూ ఉన్నారు కాబట్టి అక్కడే సమీక్షా సమావేశం పెట్టుకున్నట్టు కబురు వచ్చింది. ఎండకు షామియానా బాగా పనికొస్తోందట. నిమ్మకాయలు వాళ్లకంటే ముందే చేరాయి.

శేషాద్రి లైఫ్ జాకెట్ విప్పకుండా పడవ అంచు మీద కూర్చున్నాడు. ఫోన్ మోగింది.

“టీవీలో చూసినా,” అంది శ్రీవాణి. కెమెరాలన్నీ వేదిక మీదే ఉన్నాయి. వాటిలో పడవ ఎలా కనపడాలో అలాగే కనపడింది. “చూస్తాండగానే మీరిద్దరూ రాను రాను చిన్నగై, చుక్క మాదిరి అయిపోయినారు. స్టాఫ్ రూములో అందరూ లేచి నిలబడినారు. నాకు భయమేసింది, అంత దూరం పోతాండారే అని. ఇంటికి అడ్వాన్సు గూడా ఇచ్చేసినా.”

అతను జేబులోని ఆర్డరును ఒకసారి తడిమి చూసుకున్నాడు.

“ఏమండీ, నాకు ఒక్కటి నిజం చెప్పండి. నిజంగా కదిలిందా?”

శేషాద్రి నీళ్ల వైపు చూశాడు. ఆవలి ఒడ్డున తెల్లటి తెరచాప ఇంకా గాలితో నిండి ఉంది. నోరు తెరిచాడు.

“హలో,” అంది శ్రీవాణి. “హలో, వినపడ్తాందా?”

అతను తల ఊపాడు.